చివరి దోసిలి

వియానా రేవులో పొగమంచు బూర మూడోసారి మోగింది.
పింఛన్ల ఆఫీసు రెండో అంతస్తులో
టెల్మో, నేను.
సూపు చల్లారి గిన్నెలో తెట్టు కట్టింది.

రాత్రి తొమ్మిదికి మొదలయ్యే ఆ ప్రొసీజరు
బాల్తజార్ రాసింది, ఎస్కుదోల కాలంలో.
అందులో ఒక కర్సరు.
కర్సరంటే వేలు. అంతే.
లెక్కల పుస్తకం మీద పాత గుమాస్తా వేలు.
ఒక్కో వరుస దగ్గర ఆగుతుంది,
మనిషి పేరు, పడవ పేరు,
మునిగిన తేదీ చూస్తుంది,
ఇంత ఇవ్వాలని రాసి
కింది వరుసకి జారుతుంది.
పదకొండు వేల ఐదు వందల ముప్పై ఏడు వరుసలు.
ఆరు గంటలు.
రేవులో సార్డీన్ల బుట్టలు దిగే వేళకి గానీ
ఆ వేలు చివరి పేరు మీంచి లేచేది కాదు.
అడుగున బాల్తజార్ యంత్రం చదవని మాటొకటి రాసిపెట్టాడు:
"తెరిచిన చెయ్యే మూయాలి."

టెల్మోకి ఇరవై ఆరేళ్లు. నిలబడి ఉండడం చేతకాదు.
"గింజా గింజా ఏరతారా ఎవరైనా,
దోసిలి పట్టక?" అన్నాడు.
అర్రే తెచ్చాడు.
నాలుక కరుచుకునే అర్రే కాదు,
ఐదు వందల వరుసల్ని ఒక్క ముంచులో ఎత్తే దోసిలి.
ముంచు, లెక్కగట్టు, ఒంపు.
ముంచు, లెక్కగట్టు, ఒంపు.
నాలుగు నిమిషాలు.
నా కాఫీలో చక్కెర ఇంకా కరగలేదు.
సంతకం పెట్టింది నేనే.

గురువారం జుల్మీరా వచ్చింది,
గొడుగు నీళ్లు గుమ్మంలోనే దులుపుకుని.
కోపం లేదు ఆ మొహంలో.
కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగింది:
"పింఛను రాలేదమ్మా.
మా ఆయన గానీ దొరికాడా?
మీకేమైనా కబురు తెలిసిందా?"

మధ్యాహ్నానికి తొమ్మిది మంది.
అందరూ ఈ శీతాకాలం వాళ్లే.
పట్టికలో కొత్తగా చేరిన పేర్లు,
అన్నిటికన్నా కింద ఉండే పేర్లు.

తెర మీద తప్పు లేదు.
"విజయవంతంగా ముగిసింది" అనే ఉంది, రోజూలాగే.
వేళ్ల మీద లెక్కేశాను.
ఇరవై మూడు దోసిళ్లు నిండుగా వచ్చాయి.
ఇరవై నాలుగోసారి ముంచితే
ఐదు వందలకి ముప్పై ఏడే వచ్చాయి.
కర్సరు నిజమే చెప్పింది: ఇంక లేవు.
ముంచిన వెంటనే ఆ మాట విని
టెల్మో రాసిన వాక్యం బయటికి నడిచింది,
చేతిలో ఉన్నది ఒంపకుండానే.

బియ్యం డబ్బా అడుగు తగిలినప్పుడు
లేవు అనకుండా, నిండుకున్నాయి అనే మర్యాద
ఆ యంత్రానికెవరు నేర్పారు?
లేనిది డబ్బాలో.
దోసిట్లో ముప్పై ఏడు ఇళ్లున్నాయి.

బాల్తజార్‌కి ఫోన్ చేశాను.
కాసేపు దగ్గాడు, తర్వాత అన్నాడు:
"నా వేలికి బద్ధకముంది గానీ ఆ జబ్బు లేదు దియోలిండా.
దానికి మొదటిదీ ఒకటే, చివరిదీ ఒకటే."
మళ్ళీ తనే, "అయినా ఆరు గంటలు ఎక్కువేలే.
కుర్రాణ్ణి తిట్టకు."

తిట్టడానికి అవకాశం రాలేదు.
అప్పటికే టెల్మో తెర ముందు
చాలా చిన్నగా "అర్రే" అన్నాడు.
ఇద్దరం నవ్వలేదు.
ఒక వాక్యాన్ని పైనుంచి కత్తిరించి
ఏడు వరుసల కింద అతికించాడు.
అక్షరం మారలేదు.
ఉన్నాయా లేవా అని
ఒంపాక అడగడం, అంతే.

బ్యాంకు సోమవారం దాకా తెరవదు.
బీరువాలోని నగదు ముప్పై ఏడు కవర్లలో పెట్టి
శనివారం వానలో బయల్దేరాం.
ఒక తలుపు. ఆగడం. పేరు అడగడం. ఇవ్వడం.
ఇంకో తలుపు.
టెల్మో ఎక్కడా తొందరపడలేదు.

జుల్మీరా ఇల్లు చివరిది కాదు, ఇరవై రెండోది.
కవరు విప్పి, గుమ్మంలోనే నిలబడి,
మమ్మల్ని మర్చిపోయి,
వేలు తడి చేసుకుని
నోటు తర్వాత నోటు
లెక్కపెట్టుకుంది.